ఆకాశం కెమెరా పెళ్లికి పోయిన రోజు

కర్నూల్లో ముప్పై ఏళ్లు కెమెరాలు బాగుచేసి యాభై మూడో ఏట రిటైరయ్యాను. రిటైర్మెంటు నేను అడగలేదు. మీ జేబుల్లో ఉండే సెల్‌ఫోన్లన్నీ కలిసి తీర్మానం చేసి ఇచ్చాయి. శాలువా లేదు, పూలదండ లేదు. ఆఖరి రోజు షట్టరు దించి తాళం వేస్తుంటే ఎదురుగా ఉన్న టీకొట్టాయన గ్లాసు కడుగుతూ, "ఐతే రేపటి నించి ఒగ టీ తక్కువ" అన్నాడు. నా వీడ్కోలు సభలో అధ్యక్షోపన్యాసం అదే, వందన సమర్పణ అదే.

ఇప్పుడు ఇంట్లో మిక్సీ మొరాయించినా నన్ను దాని దరిదాపులకు రానివ్వరు. చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. కొత్తగా ఏదో ఒక పనిలో చేరి, మూడు నెలలకే తనను మించినవాడు లేడని అనుకుంటున్న కుర్రవాళ్లు ఎవరైనా ఉంటే ఇది వాళ్ల కోసం. నాకు ఆ జబ్బు మూడో రోజే పట్టుకుంది. ఇరవై ఏళ్లు ముదిరింది. అది ఎలా కుదిరిందో చెబుతాను.

మా దుకాణం ఎంత పెద్దదంటే, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఊపిరి బిగబట్టాలి. దాన్ని మధ్యలో ప్లైవుడ్ చెక్కతో రెండు రాజ్యాలు చేశాం. ఒక రాజ్యం నాది. బోర్డు మీద 'కెమెరా హాస్పిటల్' అని రాయించి, నా పేరు ముందు డాక్టర్ అని పెట్టమన్నాను. పెయింటరు ఒప్పుకోలేదు. రెండో రాజ్యంలో సెల్‌ఫోన్లు బాగుచేసే భాయ్ ఉండేవాడు. నాకన్నా ఆరేళ్లు చిన్న. అన్నా అని పిలిచేవాడు. చేతిలో సోల్డరింగ్ ఇనుము ఉంటే చెయ్యి వణకదు, నోరు పెగలదు.

భాయ్‌కి ఒక అలవాటు ఉంది. గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు చుట్ట ఒకటి ఎప్పుడూ పక్కనే పెట్టుకుంటాడు. వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక ముక్క అతికించి, ఎవరిదో, ఏం రోగమో బాల్‌పెన్నుతో రాస్తాడు. ఫోన్లతో ఆగేవాడు కాదు. ఆయన టిఫిన్ డబ్బాకు చీటీ, నీళ్ల సీసాకు చీటీ, ఫ్యాను స్విచ్చికి 'ఫ్యాను' అని చీటీ. ఉన్నదే ఒక స్విచ్చి.

"నీ కెమెరాలకు కూడా అతికించన్నా" అనేవాడు అప్పుడప్పుడు.

"నాకెందుకు భాయ్. కండ్లు మూసుకుని చేత్తో తూకం చూస్తే చాలు, ఏ కెమెరా ఎవరిదో చెప్తా" అనేవాణ్ణి. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది. భాయ్ తల దించుకుని పని చేసుకునేవాడు. అది గౌరవం అనుకున్నాను.

ఇలా ఉండగా, దుకాణం పెట్టిన ఇరవై ఏళ్లకు, ఒక వానాకాలం చివర్న ఆత్మకూరు వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. హైస్కూల్లో సైన్సు చెబుతుందట. నలభై దాటి ఉంటాయి. కెమెరాను తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. విప్పి బల్ల మీద పెట్టింది. లోపం ఏమీ లేదు, బంగారం లాంటి కెమెరా.

"ఏం రోగం మేడమ్ దీనికి?"

"రోగం లేదండి. దీని కడుపులో ఒక గాజు బిళ్ళ ఉంటాది. అది తీసేయాల."

విషయం ఏమిటంటే, డిజిటల్ కెమెరాలో బొమ్మను పట్టే పలక ఒకటి ఉంటుంది, సెన్సరు అంటారు. దాని ముందర కంపెనీవాళ్లు లేత నీలి రంగు గాజు బిళ్ళ ఒకటి బిగిస్తారు. మన కంటికి కనిపించని ఎరుపును, కనిపించీ కనిపించని ముదురు ఎరుపును అది ఆపేస్తుంది. అందుకే ఫోటోలో మన మొహాలు మన మొహాల్లాగా వస్తాయి. కానీ ఆకాశంలో, మృగశిర నక్షత్రం కిందుగా, పెద్ద పెద్ద ఎర్ర మబ్బులు ఉన్నాయట. సరిగ్గా ఆ ముదురు ఎరుపులోనే వెలుగుతాయట. ఆ బిళ్ళ ఉన్నంతకాలం అవి రావు. ఆమె మూడేళ్లుగా నల్లమల అంచున చీకట్లో కెమెరా పెట్టి చూస్తోంది, బూడిద రంగు తప్ప ఏమీ రాలేదు.

"బిళ్ళ తీసేసి దాని జాగాలో ఇది పెట్టాల" అని మాత్రల డబ్బీ తెరిచింది. దూది మధ్యలో మామూలు తెల్లగాజు పలక, వేలిగోరంత మందం కూడా లేదు. "మీరు ఇంతకు ముందు ఈ పని చేసినారా?"

"శానా చేసినా మేడమ్."

"ఎన్ని చేసింటారు?"

"లెక్క పెట్టుకోలే" అన్నాను. సున్నాను ఎవరు మాత్రం లెక్క పెట్టుకుంటారు. ప్లైవుడ్ అవతల భాయ్ ఒకసారి దగ్గాడు.

ఆపరేషన్ మా ఇంటి బాత్రూంలో జరిగింది. నవ్వకండి. సెన్సరు మీద ఒక్క దుమ్ము కణం పడితే ప్రతి ఫోటోలో అది ఈగంత మచ్చ అవుతుంది. కర్నూలు దుమ్ము సంగతి మీకు తెలియకపోతే, మా ఊళ్లో అద్దం తుడిచి వెనక్కి తిరిగి చూస్తే మళ్లీ తుడవాలి. బాత్రూంలో నాలుగు బకెట్లు వేడినీళ్లు కుమ్మరించి తలుపు వేసుకుంటే, ఆవిరికి గాల్లోని దుమ్మంతా కిందికి దిగుతుంది. అరగంట ఆగి తడి నేల మీద పీట వేసుకుని కూర్చుంటే అంతకన్నా శుభ్రమైన గది జిల్లాలో దొరకదు.

మూడు గంటలు పట్టింది. అగ్గిపుల్ల తలకన్నా చిన్న మరలు ఇరవై ఆరు. ఒక్కొక్కటి ఒక్కో పొడవు. కోడిగుడ్ల అట్టలో గుంటకొకటి చొప్పున పెట్టుకున్నాను. ఫ్లాషుకు కరెంటు దాచిపెట్టే కండెన్సరు ఒకసారి చేతికి తగిలింది. నేను బాత్రూం కప్పు దాకా లేచి తిరిగి పీట మీదనే దిగానని ఇప్పటికీ నా అభిప్రాయం. బయట మా మామగారు తలుపు కొడుతూనే ఉన్నారు. ఆయన అవసరం ఆయనది. "ఇంగ ఐదు నిమిషాలు మామా" అని మూడు గంటలు చెప్పాను. చివరికి ఆయన పక్కింటికి పోయారు. ఆ తరువాత ఆయన మళ్లీ నాతో మాట్లాడేదాకా నేను కూడా అంతే ఓపిక పట్టాల్సి వచ్చింది.

కానీ పని కుదిరింది. పరీక్ష కోసం పెరట్లో తులసి చెట్టును తీశాను. ఆకులన్నీ వెన్నపూసలో కుంకుమ కలిపినట్టు, లేత గులాబీ రంగులో వచ్చాయి. బిళ్ళ ఆపేసే ఎరుపంతా ఇప్పుడు దూసుకొస్తోంది. మా ఆవిడ వచ్చి చూసి, "తులసమ్మకేమయింది?" అని నిజంగానే భయపడి చెట్టు దగ్గరికి పోయి చూసింది. నా జీవితంలో అంత గర్వపడిన సాయంత్రం లేదు.

మరుసటి రోజు దుకాణంలో ఆ కెమెరాను బల్ల మీద పెట్టాను. దాని పక్కన ఇంకొకటి ఉంది. అచ్చంగా అదే రకం, అదే నలుపు, అదే వయసు. అది మా ఊరి పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరుది. కుర్రవాడు, నామీద దేవుడి మీద ఉన్నంత నమ్మకం. లోపలి షట్టరు అరిగితే మార్చి పెట్టాను. లెన్సులు, పట్టీలు తీసేసి ఉన్నాయి కాబట్టి రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"అన్నా, చీటీ అతికించు" అన్నాడు భాయ్, ప్లాస్టరు చుట్ట అందిస్తూ.

"వద్దు భాయ్." గోడ మీద దేవుడి పటం దగ్గర కుంకుమ ఉంది. ఉంగరం వేలితో అద్ది, ఆకాశం కెమెరా అడుగున ఒక బొట్టు పెట్టాను. "బొట్టు ఉండేది ఆకాశానిది, లేనిది పెళ్లిళ్లది. అయిపాయె."

ఎంత అందమైన ఏర్పాటు. రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో రోజు ఆయుధ పూజ.

నేను ఆ పూజను చిన్నప్పటి నుంచీ మితిమీరిన భక్తితో చేస్తాను. దుకాణం కడిగి, పనిముట్లన్నీ బల్ల మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, కర్పూరం వెలిగించాలి. అప్పటి నుంచి మర్నాటి పూజ దాకా ఏ పనిముట్టునూ వాడకూడదు. భాయ్ ప్రతి ఏడూ తన పనిముట్లు కూడా తెచ్చి పెడతాడు, వాటికీ సెలవు కావాలి కదా అంటాడు. ఆ రోజు కుంకుమ పళ్లెం ఆయన పట్టుకున్నాడు. బొట్లు పెట్టడం నా పని. స్క్రూడ్రైవర్లకు పెట్టాను. సోల్డరింగ్ ఇనుముకు పెట్టాను. స్టూలుకు, టేబుల్ ఫ్యానుకు, భాయ్ టిఫిన్ డబ్బాకు, చీటీ ఉన్న స్విచ్చికి. ఊపులో ఉన్న చెయ్యి ఆగదు. కవలలిద్దరినీ తిరగేసి, బొట్టు ఉన్నదానికి ఇంకొకటి, లేనిదానికి కూడా ఒకటి పెట్టి, రెండిటినీ తుడిచి, మళ్లీ నిండుగా ఒక్కొక్కటి పెట్టాను.

సాయంత్రం ఫోటోగ్రాఫరు పరుగున వచ్చాడు.

"అన్నా, కడపకు పోతాండా. ఎల్లుండి ఒంటిమిట్టలో పెళ్లి. పెద్దింటోళ్లది. నా కెమెరా ఇయ్యి. ఒగసారి నొక్కి చూపీ."

"ఈ పొద్దు నొక్కకూడదప్పా. పూజలో పెట్టినాం. బ్యాటరీ కూడా ఎయ్యొద్దు. పెండ్లి నాడు నువ్వే కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టు."

వాడు రెండు చేతులూ జోడించాడు. నేను రెండు కెమెరాలనూ తిరగేశాను. రెండిటికీ బొట్లు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. లోపలికి టార్చి వేస్తే తెలిసేది గాని, పక్కన భాయ్ చూస్తున్నాడు మరి. ఒకటి కుడిచేతిలో, ఒకటి ఎడమచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తూకం చూశాను. చిరునవ్వు నవ్వి, కుడిచేతిది వాడికిచ్చాను. మర్నాడు, దసరా రోజు, ఎడమచేతిది టీచరమ్మకిచ్చాను.

దసరా మర్నాడు పొద్దున ఏడింటికి దుకాణం ఊడుస్తుంటే ఒక పాత చిన్న కారు వచ్చి ఆగింది. టీచరమ్మ దిగింది. తెల్లవారుజామున ఫోటోలు తీసి, నిద్ర కూడా పోకుండా నేరుగా వచ్చేసిందట.

"ఎరుపు రాలేదండి" అంది, కోపం లేకుండా, పరీక్ష పేపరు తిరిగి ఇస్తున్నట్టు.

ఇక్కడ నా ఘనత చూడండి. తప్పు నాది అయ్యుండవచ్చని నాకు తట్టలేదు. "ఈ ఏడు ఆ మబ్బే పలచబడిందేమో మేడమ్" అన్నాను.

"అది మన రాజులూ రాజ్యాలూ లేనప్పటి నుంచీ ఉండాదండి. ఈ దసరాకే పలచబడదు."

భాయ్ ఆ కెమెరా తీసుకుని లెన్సు విప్పి లోపలికి టార్చి వేసి చూశాడు. నీలి బిళ్ళ తళుక్కున మెరిసింది. ఎక్కడిది అక్కడే ఉంది. అప్పుడు ఆయన చాలా మెల్లగా అడిగాడు.

"మరి ఆ ఎరుపు యాడికి పోయిందన్నా?"

ఒంటిమిట్టకు పోయింది. పెద్దింటి పెళ్లికి పోయింది. పన్నెండు గంటల పది నిమిషాలకు అభిజిత్ లగ్నం.

ఫోటోగ్రాఫరుకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. పదకొండుసార్లు చేశాను. పెళ్లిలో ఫోటోగ్రాఫరు ఫోను ఎత్తడు, నాకు తెలుసు. వాడి దగ్గర ఇంకో కెమెరా ఉంది గాని దాన్ని వీడియోకు కట్టేసి ఉంటాడు. ఆ ఇంట్లో ఒకే కూతురట. ఆ ముహూర్తం మళ్లీ రాదు. తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు పెళ్లికూతురూ మా తులసి చెట్టులాగా వస్తే ఆ కుర్రవాడి బతుకేమిటి. వాడు నాలుగేళ్లు తిరిగి సంపాదించుకున్న మొదటి పెద్దింటి పెళ్లి అది.

"పదండి" అంది టీచరమ్మ కారు తలుపు తీస్తూ. "ఈ కెమెరా అక్కడికి చేరాల."

"మీ ఫోటోల సంగతి మేడమ్?"

"నా ఎరుపు ఆకాశంలో ఉంటాది, యాడికీ పోదు. పెళ్లి పోతాది."

కారు వెనకంతా టెలిస్కోపు సామాన్లు. నాకు ముందు సీటు దొరికింది గాని, దాని తాలూకు ఇనుప తూనికరాయి ఒకటి ఒళ్లో పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ రాయి ఒక గేదె పిల్లంత బరువు. ఆమె కారు నడిపే పద్ధతి గురించి ఏం చెప్పను. అరవై దాటదు. నంద్యాల దాకా ప్రతి బోర్డునూ గౌరవించింది. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు తెరిచి ఉన్నా ఆగి, కుడీ ఎడమా చూసి పోయింది. ఎడ్లబండి మమ్మల్ని దాటిందని అంటే మీరు నమ్మరు, అందుకని అనను.

"రెండిట్లో గుర్తు ఎట్ల పోయింది?" అని అడిగింది ఆళ్లగడ్డ దాటాక.

అంతసేపు ఇనుము ఒళ్లో పెట్టుకుంటే మనిషి అబద్ధం చెప్పలేడు. "నేనే మేడమ్. పూజ నాడు రెండిటికీ బొట్లు పెట్టేసినా" అన్నాను. ఆమె తలూపింది, అంతే.

ఒంటిమిట్ట చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. కోదండరాముడి గోపురానికి కారులోంచే దండం పెట్టాను. ఆ దేవుడికి ఆ రోజు నేను మొక్కుకున్న మొక్కుల్లో సగం ఇంకా బాకీనే. కల్యాణ మండపంలోకి పరుగెత్తాను. ఒళ్లో రాయి దించడం మరిచి ఎత్తుకునే పరుగెత్తానని టీచరమ్మ తరువాత చెప్పింది.

ఫోటోగ్రాఫరు మండపం మూల కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. నన్ను చూసి ఏడుపొక్కటే తక్కువ.

"అన్నా, నా కండ్లకు ఏమో అయింది. పొద్దుట్నించి అంతా ఎర్రగా కనపడతాండాది. నాలుగుసార్లు కడుక్కున్నా. అయ్యోరి పంచె గులాబీ. అరిటాకులు తెలుపు. నల్ల గొడుగు వంకాయ రంగు. పెళ్లోళ్లకు ఇది కొత్త స్టైలని చెప్పినా. నాకు చూపు పోతాందా అన్నా?"

"చూపు పోలేదప్పా. కెమెరా మారింది. తీ."

ఆ క్షణంలో వాడి మొహంలో వచ్చిన వెలుగు చూడాల్సింది. నన్ను తిట్టాలని కూడా తట్టలేదు, కళ్లు పోలేదన్న సంతోషంలో. లెన్సు మార్చాడు, కార్డు మార్చాడు. లోపల పెళ్లికూతురికీ పెళ్లికొడుకుకూ మధ్య తెర పట్టుకున్నారు. జీలకర్ర బెల్లం పళ్లెం లేచింది. వాడు జనం కాళ్ల మధ్య నుంచి దూరి, మోకాళ్ల మీద నిలబడి, తెర దిగేటప్పటికి నొక్కాడు. తిరిగి నావైపు చూపించాడు. దూరం నుంచి కూడా కనిపించింది. పసుపు పసుపుగా ఉంది. కుంకుమ కుంకుమగా ఉంది. అరిటాకు పచ్చగా ఉంది. నేను సాంబారు గుండిగ పక్కన కూలబడ్డాను.

కథ ఇక్కడ అయిపోయి ఉంటే నేను మంచివాణ్ణే. తాళి కట్టాక ఒక పెద్దమనిషి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. పెళ్లికూతురి నాయన. తెల్ల అంగీ, తెల్ల పంచె, కొత్తగా వేసిన తారురోడ్డు లాంటి నల్లటి మీసం. ఆ మీసం చూడగానే నా తలలో నాలుగు జీపులు దుమ్ము లేపుకుంటూ బయల్దేరాయి. ఆయన కడపలో డ్రిప్పు పైపుల దుకాణం నడుపుతాడని, ఊళ్లో ఆయన మాట ఆయన పనివాడు కూడా వినడని తరువాత తెలిసింది. అప్పుడు తెలియదు.

"ఏమప్పా, ఆ ఎర్ర కెమెరా మీ దుకాణందేనంట గదా? ఎవురు మార్చింది?"

నేను నోరు తెరిచాను. నిజం చెప్పబోయాను అనే నా నమ్మకం. బయటికి వచ్చిన మాట ఇది.

"మా దుకాణంలో ఒగ భాయ్ ఉండాడన్నా. మంచోడే. పూజ నాడు తెలీక అన్నిటికీ బొట్లు పెట్టేసినాడు. గుర్తు పోయింది."

పక్కన ఫోటోగ్రాఫరు విన్నాడు. వెనక టీచరమ్మ కూడా విన్నది.

పెద్దమనిషికి నా సంజాయిషీ పట్టనే లేదు. నన్నూ, ఎర్ర కెమెరా పట్టుకున్న టీచరమ్మనూ వంటల వెనక్కి తీసుకుపోయి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "పొద్దున నా ఫోటో ఒగటి తీసినాడు ఆ పిల్లోడు. చూపీ."

ఎర్ర కెమెరాలో పొద్దుటి కార్డు మళ్లీ పెట్టి చూపించాం. పెళ్లికూతురికి నూనె పెడుతున్నాడు. అందులో ఆయన మీసం నలుపు కాదు. లేత గులాబీ పూతతో, వెండిలాగా, తెల్లగా.

"ఇదేంది?"

టీచరమ్మ వివరించింది. తలకు వేసే రంగు మన కంటికే నలుపు, కనిపించని ఎరుపుకు అది గాజు లాంటిది. ఈ కెమెరా రంగును దాటుకుని కింది వెంట్రుకను చూస్తుంది.

"ఇట్లాంటివి ఎన్ని ఉండాయి మేడమ్ జిల్లాలో?" ఆ గొంతులో నిజమైన భయం ఉంది.

"నాకు తెలిసి ఇదొక్కటే. ఇది ఆకాశానికే వాడతా, మనుషులకు కాదు."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. కెమెరా తిరిగి ఇవ్వబోయి ఆగాడు. మళ్లీ చూశాడు. ఆ చిన్న తెరను కండువాతో తుడిచి, ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. సాంబారు వడ్డించేవాడు వచ్చి పక్కకు జరగమన్నా జరగలేదు.

"మా నాయన" అన్నాడు. "అచ్చం మా నాయనే. నా పెండ్లికి ముందే పోయినాడు. ఒగ ఫోటో కూడా లేదు మా ఇంట్లో."

టీచరమ్మ కెమెరా కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చెరపొద్దని ఆ పిల్లోనికి చెప్పండి" అని, భోజనం చేసి పొమ్మని రెండుసార్లు చెప్పి, కళ్లు తుడుచుకుంటూ మండపంలోకి పోయాడు. ఆ ఫోటోలో రంగు తీసేసి నలుపు తెలుపులో అచ్చువేసి ఇచ్చాడట ఫోటోగ్రాఫరు. ఆల్బంలో మొదటి పేజీ అదేనట. పెద్దమనిషి మీసానికి రంగు మానేశాడని చెబితే మీకు బాగుంటుంది గాని, మరుసటి ఏడు కడప బస్టాండులో కనిపించాడు. తారురోడ్డు తారురోడ్డుగానే ఉంది.

తిరుగు ప్రయాణంలో టీచరమ్మ మైదుకూరు దాకా ప్రతి బోర్డునూ మళ్లీ గౌరవించింది. అక్కడ ఒక స్పీడుబ్రేకరు దగ్గర ఆగి, "పొద్దున బొట్లు ఎవరు పెట్టినారని చెప్పినారు మీరు?" అంది.

"నేనని."

"మరి ఆడ, పెండ్లిలో?"

నేను ఒళ్లోని తూనికరాయి వైపు చూశాను. అది కూడా నా వైపు చూస్తున్నట్టే ఉంది. కర్నూలు వచ్చేదాకా అది బరువు పెరుగుతూనే పోయింది.

ఆమెకు రెండు నెలల తరువాత ఎరుపు దొరికింది. ఫోటో పెద్దది అచ్చువేయించి తెచ్చి నా దుకాణానికిచ్చింది. చీకట్లో ఎవరో ఎర్ర గులాలు చల్లి, అది రాలకుండా అక్కడే ఆగిపోయినట్టు ఉంటుంది. గోడకు తగిలించాను. వచ్చినవాళ్లు అది చూసి, "ఈ కెమెరా బాగుకాలేదా?" అని అడిగేవాళ్లు.

కానీ ఫోటోగ్రాఫరు కుర్రవాడు ఊరుకోలేదు. టీకొట్టులో చెప్పాడు. వారంలో భాయ్‌కి 'బొట్ల భాయ్' అని పేరు పడిపోయింది. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు, "బొట్టు పెట్టకుండా ఇయ్యి భాయ్" అని నవ్వేవాళ్లు. భాయ్ కూడా నవ్వేవాడు. నేను ఏం చేశాననుకున్నారు. మొదట్లో మౌనంగా ఉన్నాను. తరువాత ఎవరైనా అడిగితే కథ నేనే చెప్పడం మొదలుపెట్టాను. చెప్పినప్పుడల్లా భాయ్ పెట్టిన బొట్లు పెరిగాయి. ఒక దశలో ఆయన కుంకుమ పొట్లం మొత్తం కెమెరాల మీద కుమ్మరించాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ప్లైవుడ్ అవతల సోల్డరింగ్ ఇనుము నుంచి సన్నగా పొగ లేస్తూ ఉండేది. ఆయన ఒక్కసారి కూడా 'కాదు' అనలేదు.

దుకాణం మూసే రోజు భాయ్ నాకు సామాన్లు సర్దడంలో సాయం చేశాడు. పెట్టెకొక ప్లాస్టరు ముక్క అతికించి, లోపల ఏముందో రాస్తూ పోయాడు. నేనిక ఉగ్గబట్టలేకపోయాను.

"భాయ్, అన్ని ఏండ్లు నా గురించి ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఏం చెప్పేది?"

"బొట్లు పెట్టింది నేనని."

ఆయన ప్లాస్టరు పళ్లతో తుంచాడు. "పెద్దింటి పెండ్లి గదా, ఆడ నిన్ను కొడతారేమోనని భయపడినా ఆ పొద్దు. నా పేరు చెప్పి బయట పడినావని తెలిసి బతికినాడులే అనుకున్నా. తర్వాత..." అని ఆగి, "పళ్లెం పట్టుకున్నది నేనే గదన్నా. సగం నాదే" అన్నాడు.

ముప్పై ఏళ్లలో నా చేతిలో బాగుకాని కెమెరాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా నన్ను అంత చిన్నవాణ్ణి చేయలేదు. ఆయన చేతిలోంచి చుట్ట తీసుకుని ఒక ముక్క తుంచాను. నా ఉంగరం వేలికి చుట్టుకుని, బాల్‌పెన్నుతో 'బొట్లు పెట్టినది ఇదే' అని రాశాను. ఎదురుగా టీకొట్టుకు పోయి, ఆ వేలు ఎత్తి, అక్కడున్న అందరికీ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈసారి ఎవరూ పెద్దగా నవ్వలేదు. నిజంలో అంత హాస్యం లేదు కాబోలు.

వెనక్కి వచ్చి భాయ్‌కి వేలు చూపించాను. కళ్లజోడు పైకి జరుపుకుని, నిదానంగా చదివాడు.

"ముప్పై ఏండ్లకు ఒగ చీటీ రాసినావన్నా" అన్నాడు.